ఒక్కరే నడిపే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో రెండో మనిషికి రిలీజ్ హక్కు ఇవ్వాలా, వద్దా?

రాత్రిబండి:
ఉద్యోగం పోను వారానికి నాలుగైదు గంటలు మాత్రమే దొరికే ఒక మెయింటైనర్ (ప్రాజెక్టును చూసుకునే మనిషి). చేతిలో చాలామంది వాడే చిన్న పైథాన్ లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్). ఏడాదిన్నరగా ఒకరు మంచి ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) పంపుతున్నారు, ఇష్యూలకు (వాడేవారి ఫిర్యాదులకు) ఓపిగ్గా జవాబులు ఇస్తున్నారు. ముఖం చూసింది లేదు, గొంతు విన్నది లేదు. ఇప్పుడాయన "రిలీజ్‌లు ఆలస్యమవుతున్నాయి, హక్కు ఇస్తే నేను చూసుకుంటాను" అంటున్నాడు. ఇవ్వాలా?

ఇవ్వకూడదన్నది నా పక్షం. కారణం ఎక్స్‌జెడ్ ఉదంతం. తెలియనివారికోసం క్లుప్తంగా: ఎక్స్‌జెడ్ దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉండే కంప్రెషన్ లైబ్రరీ. 'జియా టాన్' పేరుతో మొదటి ప్యాచ్ 2021 అక్టోబరులో వచ్చింది. 2023 నాటికి ఆ పేరుతోనే రిలీజ్‌లు వెలువడ్డాయి. 2024 ఫిబ్రవరి 24న 5.6.0, మార్చి 9న 5.6.1 వచ్చాయి. రెండింటిలోనూ దొంగదారి (బ్యాక్‌డోర్) ఉంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లే దారి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించి తవ్వితే మార్చి 29న బయటపడింది. అంటే రెండున్నరేళ్ల ఓపిక. అలాంటప్పుడు ఏడాదిన్నర మంచితనం దేనికి రుజువు? సమయం లేకపోతే రిపోను (కోడ్ ఉండే చోటును) ఆర్కైవ్ చేసి (మార్పులు ఆపేసి), కావలసినవారు ఫోర్క్ చేసుకోండి (నకలు తీసుకుని నడుపుకోండి) అని రాయడమే నిజాయితీ.

ఏరువాక:
రాత్రిబండి గారూ, అదే ఉదంతాన్ని నేను మరోవైపు నుంచి చదువుతాను. ఆ లైబ్రరీని ఏళ్ల తరబడి మోసింది లాసే కాలిన్ ఒక్కరే. ఇది జీతం లేని పని అని, మానసిక ఆరోగ్యం బాగోలేదని 2022 జూన్‌లో ఆయనే బహిరంగంగా రాశారు. ఆ సమయంలోనే ఎవరో తెలియని ఖాతాలు వచ్చి "ప్యాచ్‌లు తీసుకోవడం లేదు, ఇంకొకరికి అప్పగించండి" అని ఒత్తిడి చేశాయి. దాడి చేసినవాడికి తలుపు తీసింది ఆ ఒంటరితనమే. రెండో మనిషి ముందే ఉండి ఉంటే అంత తేలిగ్గా లొంగేది కాదు.

ఆర్కైవ్ చేస్తే ప్రమాదం పోతుందనుకోవడం కూడా పొరపాటు. దాని మీద ఆధారపడ్డ ప్రోగ్రాములు పాత వెర్షన్‌నే పట్టుకుని ఉంటాయి. రేపు అందులో లోపం బయటపడితే సరిదిద్ది విడుదల చేసేవారుండరు. వదిలేసిన ప్యాకేజీని దొంగలు వెతుక్కుంటూ వస్తారు. 2022 మేలో పైథాన్ ప్యాకేజీల గిడ్డంగి పైపీఐలో 'సీటీఎక్స్' ప్యాకేజీకి జరిగింది అదే. యజమాని ఈమెయిల్ డొమైన్ గడువు తీరింది, ఎవరో దాన్ని కొన్నారు, పాస్‌వర్డ్ రీసెట్ చేసుకుని విషం కలిపిన వెర్షన్ ఎక్కించారు.

మానేరు:
ఇద్దరూ 'హక్కు' అంటే ఒక్కటే అనుకొని కొట్లాడుతున్నరు. అండ్ల నాలుగైదున్నయ్: ఇష్యూలు సర్దుడు, కోడ్ మెర్జ్ చేసుడు (అసలు కోడ్‌ల కలుపుడు), ట్యాగ్ వేసుడు (వెర్షన్‌కు గుర్తు పెట్టుడు), పైపీఐకి ఎక్కించుడు, ఇంకొకరికి హక్కులిచ్చుడు. ఒక్కోటి విడిగ ఇయ్యాలె.

మొదటి చిక్కు ఏందంటే, రిపో సొంత గిట్‌హబ్ (కోడ్ దాచుకునే సైటు) ఖాతా కింద ఉంటే అట్ల విడగొట్టరాదు. కొలాబరేటర్ అని ఒక్కటే మెట్టు, అది రిపోల నేరుగ కోడ్ పెట్టే (పుష్) హక్కు. అందుకే ముందుగాల ఉచిత ఆర్గనైజేషన్ ఒకటి తెరిచి రిపోను అండ్లకు మార్చాలె. అప్పుడు రీడ్, ట్రయాజ్, రైట్, మెయింటైన్, అడ్మిన్ అని అయిదు మెట్లు దొరుకుతయ్. ట్రయాజ్ ఇస్తే ఆయన ఇష్యూలకు లేబుల్ పెడ్తడు, మూస్తడు, తెరుస్తడు, కోడ్ మాత్రం ముట్టలేడు.

మార్చేటప్పుడు మూడు చూసుకోండ్రి. పాత లింకులు కొత్త చోటికి తిరుగుతయ్ గని, పాత ఖాతాల అదే పేరుతో ఇంకో రిపో తెరిస్తే ఆ దారి తెగుతది. గిట్‌హబ్ పేజెస్‌ల డాక్యుమెంటేషన్ ఉంటే ఆ చిరునామా తిరగదు. కింద చెప్పే 'ట్రస్టెడ్ పబ్లిషింగ్' ముందే పెట్టుకొని ఉంటే, అందుకోసం పైపీఐల రాసిన రిపో యజమాని పేరు కూడ మార్చాలె, లేకపోతే తర్వాతి రిలీజ్ తిప్పి కొడ్తది.

ఇగ ఎక్కించే హక్కు. పైపీఐల ఓనర్, మెయింటైనర్ అని రెండు పాత్రలున్నయ్. మెయింటైనర్ కొత్త వెర్షన్ ఎక్కియ్యగలడు, వేరేటోళ్లను చేర్చలేడు. నన్నడిగితే అది కూడ మనిషికి ఇయ్యొద్దు. 2023 నుంచి 'ట్రస్టెడ్ పబ్లిషింగ్' ఉన్నది. గిట్‌హబ్ యాక్షన్స్‌ల (పనులను తనంతట తాను నడిపే గిట్‌హబ్ సేవ) నడిచే వర్క్‌ఫ్లోకే (పనుల వరుసకే) పైపీఐ 15 నిమిషాలే చెల్లే టోకెన్ (తాళం) ఇస్తది. ఎవరి ల్యాప్‌టాప్‌ల కూడ రహస్యం ఉండదు, పోయేదీ ఉండదు.

రాత్రిబండి:
మానేరు గారూ, ఆ వర్క్‌ఫ్లో కూడా రిపోలో ఒక ఫైలే కదా? రైట్ హక్కు ఉన్నవాడు కొత్త బ్రాంచిలో (కోడ్ విడి శాఖలో) దాన్ని మార్చి పుష్ చేస్తే, తనకు కావలసింది పైపీఐకి వెళ్లిపోతుంది. మనిషి చేతిలోని తాళం తీసి గోడకు తగిలించినట్టయింది.

మానేరు:
మంచి ప్రశ్న అన్నా. చానామంది జారేది గక్కడ్నే. పైపీఐల పబ్లిషర్ వివరాలు నింపేటప్పుడు యజమాని, రిపో, వర్క్‌ఫ్లో ఫైలు పేరు అడుగుతది. నాలుగోది 'ఎన్విరాన్‌మెంట్' (వర్క్‌ఫ్లో దాటాల్సిన గేటు), అది ఐచ్ఛికం. ఖాళీగ వదిలేస్తే మీరు చెప్పినట్టే అయితది.

అందుకని గిట్‌హబ్‌ల 'రిలీజ్' అని ఒక ఎన్విరాన్‌మెంట్ తెరవాలె, ఆ పేరే పైపీఐల రాయాలె. దాని సెట్టింగులల్ల నాలుగు పనులు. ఒకటి, రివ్యూయర్లను పెట్టుడు. ఆరుగురి దాకా పెట్టొచ్చు, ఒక్కరు ఒప్పుకుంటే చాలు. రెండు, సొంత రన్‌ను సొంతంగ ఆమోదించే వీలు తీసేసుడు. మూడు, 'వి' అక్షరంతో మొదలయ్యే ట్యాగుల నుంచి మాత్రమే నడువనిచ్చుడు, ఆ ట్యాగులు వేసే హక్కుకు కూడ రూల్ పెట్టుడు. నాలుగు, అడ్మిన్లు దాటిపోయే వెసులుబాటు ఆపుడు. ఈ నాలుగోది మొదట్ల తెరిచే ఉంటది, చేత్తోని మూయాలె. అప్పుడు ఏ బ్రాంచిల ఏం మార్చినా వర్క్‌ఫ్లో గేటు కాడ ఆగి ఇంకొకరి సంతకం కోసం చూస్తది.

కొండపల్లి:
గేటు దగ్గర నిలబడ్డవారు దేనికి సంతకం పెడుతున్నారో తెలియకపోతే ఇదంతా వృథా. ఎక్స్‌జెడ్‌లో దొంగదారిని తెరిచిన 'బిల్డ్-టు-హోస్ట్' మాక్రో (బిల్డ్‌కు వాడే చిన్న స్క్రిప్టు) మార్పు గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే చోట) లేనే లేదు. రిలీజ్ టార్‌బాల్‌లో (విడుదల చేసే మూలకోడ్ కట్టలో) మాత్రమే ఉంది. అసలు సరుకు టెస్టు ఫైళ్లలో దాగింది. పాడైన ఎక్స్‌జెడ్ ఫైలు అని పేరు పెట్టి ఒకటి, పెద్ద ఎల్‌జెడ్‌ఎంఏ ఫైలు అని ఇంకొకటి. కంప్రెషన్ లైబ్రరీకి పాడైన ఫైళ్లు టెస్టుల్లో ఉండడం సహజం, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ఇందులోంచి రెండు నియమాలు తీసుకోవాలి. మొదటిది, రిపోలో చదవడానికి వీలుకాని బైనరీ టెస్టు ఫైళ్లను నేరుగా చేర్చనివ్వకూడదు. వాటిని తయారుచేసే స్క్రిప్టు ఉండాలి, యాదృచ్ఛిక సంఖ్యలు అవసరమైతే సీడ్ (వాటిని పుట్టించే మొదటి విలువ) స్థిరంగా ఉండాలి. బయటివారు బగ్‌తోపాటు పంపిన ఫైలును తప్పనిసరిగా ఉంచవలసి వస్తే, అది ఏ ఇష్యూలో వచ్చిందో, అందులో ఏ బైట్లు ఎందుకు చెడ్డాయో పక్కనే రాయాలి. బిల్డ్ స్క్రిప్టులు ఆ టెస్టు ఫోల్డర్‌ను చదివితే వెంటనే ఆపి అడగాలి.

రెండోది, ఆమోదించేవారు టార్‌బాల్‌ను తమ యంత్రంలో మళ్లీ తయారుచేసి పోల్చాలి. ట్యాగ్ సంతకం సరిచూడండి. ట్యాగ్‌ను శుభ్రమైన కంటెయినర్‌లో (విడిగా ఉంచిన వాతావరణంలో) చెకౌట్ చేయండి (దించుకోండి). 'సోర్స్ డేట్ ఇపాక్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు ఆ కమిట్ (కోడ్ మార్పు) సమయం ఇచ్చి బిల్డ్ చేయండి. వర్క్‌ఫ్లో తయారుచేసిన దాన్ని దించుకుని, రెండింటినీ విప్పి 'డిఫోస్కోప్' అనే సాధనంతో పోల్చండి. గిట్‌తో పోలిస్తే పైథాన్ ఎస్‌డిస్ట్‌లో (మూలకోడ్ కట్టలో) ప్యాకేజీ సమాచారం ఫైలు, ఎగ్-ఇన్ఫో ఫోల్డర్ లాంటివి అదనంగా కనిపిస్తాయి, అవి బిల్డ్‌లో పుట్టేవే. మీ బిల్డ్‌లో పుట్టని ఒక్క ఫైలు ఎక్కువున్నా సంతకం పెట్టొద్దు. కన్ఫిగర్ స్క్రిప్టు టార్‌బాల్‌లోనే పుట్టే పాత సీ ప్రాజెక్టుల్లో ఈ పోలిక కష్టం. అక్కడ 'ఆటోరీకాన్ఫ్'తో కొత్తగా పుట్టించుకుని పోల్చడమే మార్గం.

ఒక హెచ్చరిక. పోలిక విప్పిన ఫైళ్ల మధ్య జరగాలి, జిప్ చేసిన ఫైలు చెక్‌సమ్‌ల (ఫైలు వేలిముద్ర లాంటి సంఖ్యల) మధ్య కాదు. గిట్ తన జీజిప్ (ఫైలు కుదించే) పద్ధతి మార్చుకోవడంవల్ల 2023 జనవరిలో గిట్‌హబ్ ఇచ్చే మూలకోడ్ కట్టల చెక్‌సమ్‌లు మారి, ఎన్నో బిల్డ్‌లు ఆగిపోయాయి. తర్వాత వెనక్కి తీసుకున్నారు. లోపలి ఫైళ్లలో మాత్రం ఒక్క బైటు కూడా మారలేదు.

పాలపిట్ట:
మీరంతా రెండో మనిషి వచ్చి తలుపు తట్టిన ప్రాజెక్టు గురించి మాట్లాడుతున్నారు. తెలుగు కీబోర్డులు, ఫాంట్లు, అక్షరదోషాల నిఘంటువులు లాంటి చోట ఆ రెండో మనిషి దొరకడమే గగనం. అక్కడి ప్రశ్న నమ్మకం కాదు, వారసత్వం. ఉన్న ఒక్కరూ రేపు కనపడకపోతే ఏమవుతుంది?

ఆండ్రాయిడ్ కీబోర్డు యాప్‌నే చూడండి. ఏపీకేకు (యాప్ ఫైలుకు) సంతకం చేసే కీ పోతే, కొత్త కీతో చేసిన అప్‌డేట్‌ను ఫోన్ తీసుకోదు. వాడేవారు యాప్ తీసేసి మళ్లీ పెట్టుకోవాలి, నేర్పుకున్న పదాలన్నీ పోతాయి. ఫ్రీ యాప్‌ల స్టోర్ ఎఫ్-డ్రాయిడ్ మామూలుగా తన కీతోనే సంతకం చేస్తుంది కాబట్టి అక్కడ ఈ చిక్కు లేదు. ప్లే స్టోర్‌లో సంతకం కీ గూగుల్ దగ్గరే ఉంచితే, మన దగ్గరున్న అప్‌లోడ్ కీ పోయినా మార్పించుకోవచ్చు. నేరుగా వెబ్‌సైట్‌లో ఏపీకే పెట్టేవారికి మాత్రం కీ నకలు రెండు వేర్వేరు ఇళ్లలో ఉండి తీరాలి. అలాగని ఎవరికిపడితే వారికి ఇచ్చేదీ కాదు. కీబోర్డు యాప్ జనం టైపు చేసే పాస్‌వర్డులు కూడా చూస్తుంది.

డొమైన్ సంగతి ఏరువాక గారు ఎత్తారు, దానికి మనదేశపు చిక్కు ఒకటి ఉంది. 2021 అక్టోబరు 1 నుంచి కార్డుల మీద ఆటోమేటిక్ చెల్లింపులకు రిజర్వ్ బ్యాంకు ఈ-మ్యాండేట్ (ముందే నమోదు చేసి ఒప్పుకున్న చెల్లింపులే సాగాలన్న) నిబంధనలు గట్టిగా అమలయ్యాయి. విదేశీ రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మే సంస్థ) దగ్గర ఆటో-రెన్యూవల్ పెట్టి నిశ్చింతగా ఉంటే చెల్లింపు ఆగిపోయే అవకాశం ఉంది. డాట్ కామ్‌ను ఒకేసారి పదేళ్లదాకా కట్టొచ్చు, అయిదేళ్లకైనా కట్టేయండి. పైపీఐ, గిట్‌హబ్ ఖాతాల రికవరీ ఈమెయిల్‌గా అదే డొమైన్ మీది చిరునామా పెట్టకండి.

ఏరువాక:
పాలపిట్ట గారి మాట నాకు నచ్చింది. అయితే రాత్రిబండి గారి అసలు భయం మనిషి గురించి. దానికి ఒక కొలత డెబియన్ అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌లో ఉంది. మెయింటైనర్ పట్టించుకోని ప్యాకేజీని చేపట్టదలిస్తే 'సాల్వేజ్' (వదిలేసినదాన్ని కాపాడే) ఉద్దేశాన్ని బగ్‌గా బహిరంగంగా ప్రకటించాలి. 21 రోజులు ఆగాలి. అభ్యంతరం రాకపోతే అప్పుడు అప్‌లోడ్ చేయాలి, అదీ మరో 7 రోజులు ఆలస్యపు వరుసలో నిలబడాలి. ఈ మధ్యలో పాత మెయింటైనర్ 'వద్దు' అంటే ఆగిపోతుంది. చాటుగా పోరు పెట్టి హక్కు తీసుకునే దారి కాదిది. చిన్న ప్రాజెక్టు కూడా రీడ్‌మీలో ఇలాంటి గడువు రాసిపెట్టుకోవచ్చు: హక్కు కావాలని అడిగిన రోజు నుంచి ఇన్ని రోజులు, బహిరంగ ఇష్యూలో, కారణాలతో.

రాత్రిబండి:
గడువు మంచిదే. ఒత్తిడి వచ్చినప్పుడు "నియమం ఇది" అని చూపించడానికి అలిసిపోయిన మనిషికి అది ఆసరా అవుతుంది. ట్రయాజ్ ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. రైట్ హక్కు కూడా, మెయిన్ బ్రాంచికి రివ్యూ తప్పనిసరి చేసి, వర్క్‌ఫ్లో ఫోల్డర్‌కు కోడ్‌ఓనర్‌గా (ఆ ఫైళ్ల మార్పులను ఆమోదించాల్సిన మనిషిగా) పాత మెయింటైనర్‌నే ఉంచితే, సరే అంటాను.

మిగిలిన అభ్యంతరం ఒక్కటి. సొంత ఆమోదం మూసేస్తే ఇద్దరూ ఉంటేనే రిలీజ్. ఒకరికి జ్వరమొస్తే భద్రతా ప్యాచ్ కూడా ఆగుతుంది. తెరిస్తే రెండో మనిషి ఒంటరిగా రిలీజ్ చేయగలడు. అంటే మూడో మనిషి కావాలి. ఒక్కరే దొరకని చోట ముగ్గురిని ఎక్కడినుంచి తెస్తాం?

కొండపల్లి:
ఆ మూడో మనిషి చాలా ప్రాజెక్టులకు ఇప్పటికే ఉంటారు. డెబియన్‌లోనో, ఫెడోరాలోనో, కొండా-ఫోర్జ్‌లోనో ఆ లైబ్రరీని ప్యాకేజీ చేసేవారు. కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ మూలాన్ని దించుకుని, బిల్డ్ చేసి, ఏం మారిందో చూడడం వారి పనిలో భాగమే. వారి పేరు ఆయా డిస్ట్రిబ్యూషన్‌లో ఎప్పటినుంచో నమోదై ఉంటుంది. డెబియన్ డెవలపర్ అయితే, వారి కీ మీద ఇతర డెవలపర్ల సంతకాలుంటాయి. ముఖం తెలియని ఖాతాకంటే అది గట్టి ఆధారం.

వారిని కోడ్ రాయమని అడగక్కర్లేదు. రిలీజ్‌కు ముందు పోల్చి, ఆమోదం నొక్కమని అడగండి. ఎలాగూ చేసే పనిని ఒక రోజు ముందు చేస్తారంతే.

మానేరు:
దానికి రైట్ హక్కు కూడ అక్కర్లేదు. ఎన్విరాన్‌మెంట్ రివ్యూయర్‌కు రిపో మీద రీడ్ హక్కు చాలు. ఆర్గనైజేషన్‌ల చేర్చి రీడ్ ఇచ్చి, రివ్యూయర్ల జాబితాల పేరు పెట్టుండ్రి. ఆయన కోడ్ మార్చలేడు, ట్యాగ్ వేయలేడు, ఆమోదం ఒక్కటే చేయగలడు.

రాత్రిబండి:
రీడ్ సరిపోతుందని గమనించలేదు. అట్లయితే ట్యాగ్ వేసే హక్కు రెండో మనిషికి ఇవ్వొచ్చని ఒప్పుకుంటున్నాను, 30 రోజుల బహిరంగ గడువు తర్వాత. పైపీఐ ఓనర్ పాత్ర, ఆర్గనైజేషన్ అడ్మిన్ మాత్రం ఇవ్వను. వాటి రికవరీ కోడ్‌లు కాగితం మీద రాసి ఇంట్లోవాళ్లకు అప్పగించడం నయం.

ఏరువాక:
అడ్మిన్ విషయంలో మీతో ఏకీభవించను. ఇంట్లోవాళ్లకు ఆ కాగితంతో ఏం చేయాలో తెలియదు. ఎవరికి ఫోన్ చేయాలో కూడా ఆ కాగితం మీదే రాయండి.