"నీ పేరు జిమ్" అనాలా, "మీ పేరు జిమ్" అనాలా?

పర్లాకిమిడి నుంచి ప్రశ్న:
1984 నాటి ఇంగ్లీషు అంతరిక్ష సినిమా స్టార్ ట్రెక్ 3కి తెలుగు సబ్‌టైటిళ్లు రాసేవాళ్లకు చిట్టచివర ఒక చిన్న మాట దగ్గర చెయ్యి ఆగుతుంది. 2వ భాగంలో చనిపోయిన స్పాక్‌ని వెనక్కి తెచ్చుకోవడానికి అడ్మిరల్ హోదాలో ఉన్న కర్క్, అతని నేస్తాలు సొంత అంతరిక్ష ఓడనే పోగొట్టుకుంటారు. ఓడ వైద్యుడు మెకాయ్ తనలో మోస్తున్న కాట్రాను, అంటే స్పాక్ మనసూ జ్ఞాపకాలూ కలిసిన సారాన్ని, తిరిగి స్పాక్ దేహంలోకి చేరుస్తారు. (కాట్రాను కాట్రాగానే ఉంచండి. ఆత్మ అని రాస్తే కర్మ, మోక్షం కూడా దాని వెంట వచ్చేస్తాయి.) లేచిన స్పాక్‌కి ఎవరూ గుర్తులేరు. కర్క్ ముఖంలోకి చూసి చూసి, చివరికి అతని పేరు జిమ్ అని పోల్చుకుంటాడు. ఇంగ్లీషులో 'యువర్' ఒక్కటే. మనకు నీ, మీ రెండూ ఉన్నాయి. ఏది రాయాలి?

బరంపురం:
నీ. కారణం 1982లో వచ్చిన 2వ భాగంలోనే ఉంది. ఇద్దరే ఉన్నప్పుడు స్పాక్ 'జిమ్' అంటాడు. చావుబతుకుల మధ్య, తమ ఇద్దరి మధ్య ఉన్న అద్దానికి అవతలి నుంచి మాత్రం 'అడ్మిరల్' అనే పిలుస్తాడు. హోదా నోట వస్తే మీరు, పేరు నోట వస్తే నువ్వు. 'మీ పేరు జిమ్' అంటే గుమాస్తా దరఖాస్తు సరిచూస్తున్నట్టు ఉంటుంది.

రాయగడ:
నీ సరేనండి. అసలు చిక్కు దానికి ముందున్న మాటల్లో ఉంది. పేరు గుర్తు రాకముందే, 'నా కోసం వెనక్కి వచ్చావు' అన్న అర్థం వచ్చే మాట స్పాక్ అనాలి. నువ్వు, మీరు రెండూ తీసేసినా తెలుగులో తప్పించుకోలేం, క్రియ చివర బయటపడిపోతుంది. వచ్చావు అని రాశారా, గుర్తుపట్టడం అక్కడే అయిపోయింది. ఆ తర్వాత వచ్చే 'నీ'కి బలం ఉండదు.

మన పక్కనే ఉన్న ఒడియా చూడండి. అక్కడ మూడు మెట్లు: తు ఆసిలు, తుమె ఆసిల, ఆపణ ఆసిలె. మధ్యలో ఉన్న తుమె సాటివాడికి సరిపోతుంది కాబట్టి మొదటి నుంచి చివరి దాకా దానితోనే నడిపేయొచ్చు. పని తేలికే గాని, మాట మారిన చోటు వినబడదు. మనకు మధ్య మెట్టు లేదు. మీరు నుంచి నువ్వులోకి ఒక్కసారిగా దిగాల్సిందే. ఈ ఘట్టానికి కావలసింది సరిగ్గా అదే.

బరంపురం:
అయితే ముందు మాటలన్నీ మీరులో నడపాలి: 'నా కోసం వెనక్కి వచ్చారు.' ఇందులో ఇంకో మేలుంది. వచ్చారు బహువచనం కూడా. వచ్చింది కర్క్ ఒక్కడే కాదు, మెకాయ్, స్కాటీ, సులు, చెకోవ్ కూడా. ఆ అర్థమూ తగులుతుంది. 'నా కోసం వెనక్కి రావడం ఎందుకు?' అని పురుష తెలియకుండా రాసే దారి ఉంది గాని, అది ఒక్క వాక్యానికే బాగుంటుంది. వరసగా రెండు మూడు పెడితే మాట బిగుసుకుపోతుంది. కర్క్ మాత్రం స్పాక్‌తో మొదటి నుంచీ నువ్వే. నీవు వచ్చితివి లాంటి రూపాలు వద్దు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరి నుంచే ప్రశ్న వచ్చింది గదా.

పర్లాకిమిడి:
'నీ పేరు జిమ్ కదూ' అంటే? లేకపోతే 'నువ్వు జిమ్‌వి'?

రాయగడ:
కదూ వద్దు. స్పాక్ అడగడం లేదు, తేల్చుకుంటున్నాడు. కర్క్ అవునన్నాడని ముందు మాటను ప్రశ్న చేయకూడదు. 'నువ్వు జిమ్‌వి' అందమైన తెలుగే. కాని అది మనిషిని పోల్చుకున్నాక అనే మాట. ఇక్కడ స్పాక్‌కి ముందు దొరికింది పేరే. పేరు అన్న ముక్క ఉండి తీరాలి.

ఇంకొకటి. జిమ్ అనగానే మనవాళ్లకు కసరత్తు చేసే చోటు తోస్తుంది. అందుకే మెకాయ్ ఆ పేరు పిలిచిన ప్రతిచోటా సబ్‌టైటిల్‌లో తప్పక రాయండి, చోటు చాలదని తీసేయకండి. చివరికొచ్చేసరికి చదివేవాళ్ల కంటికి అది మనిషి పేరుగా అలవాటై ఉండాలి.

బరంపురం:
టైపు చేసేటప్పుడు పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనబడని గుర్తు) పెట్టాలి. పెట్టకపోతే జిమ్‌ని కాస్తా జిమ్ని, స్పాక్‌ని కాస్తా స్పాక్ని అయి, కింద నావత్తు పడుతుంది. తెలుగు అక్షరాలు చెడకుండా ఫైలు యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో దాచండి. చివరి మాటను రెండుగా విడగొట్టండి: 'జిమ్.' ఒక్కటే ముందు, అది పోయాక 'నీ పేరు జిమ్.' రెండూ ఒకేసారి తెరమీద పడితే నటుడి నోరు కదలకముందే కన్ను చదివేస్తుంది.