గండిపేట చుట్టూ మట్టి దారుల మ్యాప్ అందరికీ పెట్టాలా, వద్దా?

మొరంబాట
ఆరేళ్లుగా ఆదివారం పొద్దున హైదరాబాద్ పక్కన గండిపేట చెరువు చుట్టూ సైకిల్ మీద తిరుగుతున్నాను. మొదట్లో మామూలు హైబ్రిడ్ సైకిల్, రెండేళ్ల నుంచి 40 మిల్లీమీటర్ల టైర్ల గ్రావెల్ బైక్, అంటే మట్టి దారుల మీద తొక్కే సైకిల్. ఖానాపూర్ దాటి జన్వాడ, అక్కడ శంకర్‌పల్లి రోడ్డు వదిలేసి మూసీ చెరువులో కలిసే వైపు, అవతలి ఒడ్డున చిలుకూరు, హిమాయత్‌నగర్ ఊరు, మళ్లీ కట్ట. తారు రోడ్డును వీలైనంత తప్పించి బండ్ల బాటలు, మొరం దారులు, పొలాల మధ్య సందులు ఒక్కొక్కటే కలుపుకుంటూ పోతే ఒక చుట్టు తయారైంది. ఎన్నిసార్లు దారి తప్పానో, ఎన్ని కుక్కలు తరిమాయో లెక్క లేదు.

ఇప్పుడు విషయం. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో వచ్చాక మన వైపు సైకిళ్లు బాగా పెరిగాయి. ఆ ట్రాక్ మీద నెల రోజులు తిరిగి విసుగొచ్చినవాళ్లు "అన్నా, నీ మట్టి దారి జీపీఎస్ ఫైలు పంపవా" అని వారానికి ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారు. ఇప్పటిదాకా తెలిసినవాళ్లకే ఇచ్చాను. ఇక అందరికీ కనబడేలా పెట్టేద్దామా?

నా మొగ్గు పెట్టడానికే. దారి తెలియని కొత్తవాళ్లు చేవెళ్ల రోడ్డెక్కి టిప్పర్ల పక్కన తొక్కుతున్నారు, చూస్తే భయమేస్తుంది. రెండోది, ఫాంహౌస్ గోడలు బాటల్ని మింగేస్తున్నాయి. నేను తిరిగిన దారుల్లోనే రెండు మూసుకుపోయాయి. నలుగురూ తిరిగితేనే దారి దారిగా మిగులుతుంది. మీరేమంటారు?

రెండు చక్రాలు
పెట్టేయన్నా. దాచుకోవడానికి అదేమన్నా లంకెబిందెలా?

పాత అట్లాస్
మా నాన్న అట్లాస్ సైకిల్‌కు రెండు పాల క్యాన్లు కట్టుకుని ఈ దారుల్లోనే మెహిదీపట్నం దాకా వెళ్లేవాడు. దాన్ని గ్రావెల్ బైకింగ్ అంటారని ఆయనకు తెలియదు, తెలిస్తే నవ్వేవాడు. సరే, అది వదిలేయండి.

నా మాట: ఫైలు పెట్టొద్దు. దారి కావాలన్నవాడు నాతో నాలుగు ఆదివారాలు రమ్మనండి, చూపిస్తాను. అలా నేర్చుకున్నవాడు ఎక్కడ దిగి నడవాలో, ఎవరి పొలం దగ్గర నమస్తే పెట్టాలో కూడా నేర్చుకుంటాడు. ఫైలు పట్టుకుని వచ్చినవాడు హ్యాండిల్ మీద ఫోన్ చూసుకుంటూ పోతాడు, పక్కన మనిషి ఉన్నాడో లేడో కూడా చూడడు.

రెండు చక్రాలు
పెద్దాయనా, నాలుగు ఆదివారాలు మీతో రావడానికి వీలు కానివాళ్లు టిప్పర్ల కింద పడాలా?

చెలక గట్టు
ఇంతసేపు మా దారుల గురించి మాట్లాడుతున్నారు గానీ మా ఊళ్లవాళ్లు ఒక్కరూ కనబడలేదు, అందుకే రాస్తున్నాను. మాది మొయినాబాద్ మండలం. మూడెకరాల్లో ఆకుకూరలు, టమాటా వేస్తాం. నేను గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తాను, అమ్మానాన్నలు ఊళ్లోనే ఉంటారు.

మీరు "పొలాల మధ్య సందు" అంటున్నది చాలాచోట్ల సందు కాదు, మా గట్టు. మా నాన్న పార పట్టుకుని ఏటా మట్టి వేసి నిలబెట్టుకున్న గట్టు. ఒక్కరిద్దరు పోతే ఎవరూ ఏమీ అనరు, మంచినీళ్లు కూడా ఇస్తారు. పోయిన సంవత్సరం నుంచి ఆదివారం పొద్దున పదిహేను ఇరవై మంది గుంపుగా వస్తున్నారు. డ్రిప్ పైపులు బాటకు అడ్డంగా ఉంటాయి, వాటి మీద నుంచి పోతే జాయింట్లు ఊడుతాయి. ఒకసారి కంప తీసి, లోపలికి వచ్చి, మళ్లీ అడ్డం పెట్టకుండా పోయారు. పక్కింటి బర్రెలు పాలకూర మళ్లలో పడ్డాయి. పొద్దున మార్కెట్‌కు పోవాల్సిన పంట అది. ఎవరిని అడగాలి? అందరూ హెల్మెట్, నల్లద్దాలే, ముఖాలు గుర్తుపట్టలేం.

ఇంకొకటి. మా దగ్గర కొంత ఎర్రనేల, కొంత నల్లరేగడి. వాన పడ్డ మర్నాడు రేగడిలో సైకిళ్లు పోతే పడ్డ చాళ్లు ఎండకు సిమెంట్‌లా గట్టిపడతాయి. అమ్మ కాలు అందులో మడతపడి వారం రోజులు మంచంలో ఉంది.

రెండు చక్రాలు
అమ్మగారి సంగతి విని బాధేసింది. కానీ బ్రో, ట్రాక్టర్ చేసే గుంతల ముందు సైకిల్ టైరెంత?

చెలక గట్టు
ట్రాక్టర్ మాది, పొలం మాది. గుంత పడితే పూడ్చుకునేదీ మేమే.

తీతువు
మొరంబాట గారూ, మీ ఫైలు నాకు ఒక మిత్రుడు పంపాడు. అందులో ఎండాకాలం ముక్క ఒకటి ఉంది, నీళ్లు వెనక్కి పోయాక శిఖం మీదుగా, అంటే బయటపడ్డ చెరువు నేల మీదుగా, మూడు కిలోమీటర్లు. అదొక్కటి మాత్రం దయచేసి తీసేయండి.

నా పేరు చూసి అపశకునం అనుకోకండి. తీతువు పిట్ట కూస్తే చెడు జరుగుతుందని పల్లెల్లో అంటారు గానీ, అది కూసేది తన గుడ్ల దగ్గరకు ఎవరో వచ్చారని. గూడు కట్టదు. బయలు నేల మీద చిన్న గుంట చూసుకుని, మొరం రాళ్ల మధ్యనే నాలుగు గుడ్లు పెడుతుంది. రాయి రంగు, గుడ్డు రంగు ఒకటే. మార్చి నుంచి వానాకాలం దాకా వాటి కాలం, అంటే సరిగ్గా నీళ్లు తగ్గి మీకు దారి దొరికే కాలం. రెండడుగుల దూరంలో నిలబడి చూసినా నాకు కనబడలేదు, బైనాక్యులర్‌లో తల్లి వచ్చి కూర్చున్నాకే తెలిసింది. ఆ గూటికి జానెడు దూరంలో టైరు గుర్తు ఉంది. సైకిల్ మీద ఇరవై స్పీడులో పోయేవాళ్లకు ఏం కనబడుతుంది?

పైగా అది తాగునీటి చెరువు. 1908 మూసీ వరద తర్వాత కట్టి, 1920లో పూర్తి చేసింది. నగరం ఇప్పటికీ ఆ నీళ్లు తాగుతోంది. శక్తి కోసం తినే జెల్ ప్యాకెట్లు, ట్యూబ్ ముక్కలు శిఖంలో వదిలేస్తే మొదటి వానకు ఎక్కడికి పోతాయో చెప్పక్కర్లేదు.

సగం గేరు
మీరంతా ఫైలు పెట్టాలా వద్దా అని కొట్టుకుంటున్నారు. రైడ్లు రికార్డు చేసే స్ట్రావా యాప్‌లో పబ్లిక్‌గా పెట్టిన రైడ్లు దాని హీట్‌మ్యాప్‌లో, అంటే జనం తిరిగిన దారులన్నీ కలిపి చూపే మ్యాప్‌లో, గీతలుగా పడతాయి. 2018లో సైనిక స్థావరాలే అలా బయటపడ్డాయి, ఇక చెలక గట్టు గారి గట్టెంత? దాచాలంటే ముందు మన రైడ్లు ప్రైవేట్‌లో పెట్టుకోవాలి. ఆ పని ఎవరూ చేయరు, లైకులు రావు కాబట్టి.

రిటైర్డ్ సర్వేయర్
బాబూ మొరంబాట, "నలుగురూ తిరిగితే దారి మిగులుతుంది" అన్నారు. ఫోన్‌లో గీసిన గీతకు ఆఫీసులో విలువ ఉండదు. విలువ గ్రామ నక్షాది. అందులో బండ్ల బాట రెండు చుక్కల గీతలతో, కాలిబాట ఒక్క చుక్కల గీతతో ఉంటుంది. నక్షాలో బాట ఉండి దానికి అడ్డంగా గోడ కట్టారంటే తహసీల్దారుకు అర్జీ పెట్టుకోవచ్చు. నక్షాలో లేకపోతే అది ఎవరిదో పట్టా భూమి, వాళ్ల దయ మీద మీరు పోతున్నట్టు.

గోడలు ఎందుకు లేస్తున్నాయో కూడా చెబుతాను. 1996లో 111 జీవో వచ్చింది. గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్లలోని 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు. 2022లో వాటిని సడలిస్తూ 69 జీవో తెచ్చారు. ఆ మాట పుట్టినప్పటి నుంచి అక్కడ ప్రతి గుంటకూ కొలతలే, ప్రతి కొలతకూ కంచే. మీ సైకిళ్లు ఉన్నా లేకపోయినా కంచె పడుతుంది. ముందు నక్షా తెచ్చుకుని మీ మ్యాప్ పక్కన పెట్టి చూడండి. అప్పుడు చర్చ సగానికి తగ్గుతుంది.

పాత అట్లాస్
సర్వేయర్ గారి మాటకు నా ఓటు. అయినా నాలుగు ఆదివారాల మాట మాత్రం వెనక్కి తీసుకోను.

మొరంబాట
మూడు వారాలు పట్టింది, అందుకే ఇన్నాళ్లూ పలకలేదు. నాలుగు ఊళ్ల నక్షాలు తెచ్చుకున్నాను. టేబుల్ మీద పరుచుకుని మ్యాప్‌తో పోలిస్తే చెమటలు పట్టాయి. నేను గర్వంగా "కనిపెట్టిన" దారుల్లో ఐదు అసలు దారులే కావు. అందులో ఒకటి చెలక గట్టు వాళ్లదే. తమ్ముడూ, నిన్న మీ ఊరికి వచ్చి నాన్నగారిని కలిశాను. ఆయన ఏమీ అనలేదు, టీ ఇచ్చారు. అదే ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది.

ఒక విషయంలో మాత్రం నాదే సరైందని తేలింది. మూసుకుపోయిన రెండింట్లో ఒకటి నక్షాలో రెండు చుక్కల గీతలతో స్పష్టంగా ఉంది. ఆ ఊరివాళ్లే ఎడ్లబండి పోయే దారి కోసం అర్జీ పెడుతున్నారు, వాళ్లతో పాటు సంతకం చేశాను.

మ్యాప్ పెడుతున్నాను, కానీ కోసేసిన మ్యాప్. గట్లు తీసేశాను. శిఖం ముక్క పూర్తిగా తీసేశాను, తీతువు గారూ. మిగిలినదాంట్లో మూడో వంతు తారు రోడ్డే, ముందు ఉన్నంత అందంగా లేదని నాకూ తెలుసు. వాన వెలిశాక రెండు రోజుల దాకా రేగడి వైపు వద్దని అందులోనే రాశాను. చెరువు నీటిమట్టం నిండు మట్టమైన 1,790 అడుగులకు దగ్గరపడి గేట్లు ఎత్తితే మంచిరేవుల దగ్గర సర్వీస్ రోడ్డు మునుగుతుంది, ఆ రోజుల్లో అటు నుంచి తిరిగి రావాలని చూడొద్దు. సర్కారు తుమ్మ ముళ్లు ఎక్కడ పడితే అక్కడ ఉన్నాయి, ట్యూబ్‌లెస్ కాకపోతే రెండు స్పేర్ ట్యూబులు పెట్టుకోండి.

పాత ఫైలు ఎవరి దగ్గరైనా ఉంటే డిలీట్ చేయండి, ప్లీజ్.

రెండు చక్రాలు
అన్నా, ఏమనుకోకు. నువ్వు పోయిన నెల నాకు పంపిన ఫైలు మా ఆఫీసు సైక్లింగ్ గ్రూపులో అప్పుడే పెట్టేశాను. నూట ఎనభై మంది ఉన్నారు అందులో. ఇప్పుడు కొత్తది పెట్టాను, పాతది తీసేయమని రాశాను. ముగ్గురు థంబ్స్ అప్ కొట్టారు.