యదనాబోన్ ఎఫ్‌సీ లీగ్ టైటిళ్ళు మూడా, నాలుగా?

పాలమూరు గోలీ:
అందరికి నమస్తే. మహబూబ్‌నగర్, జడ్చర్ల, నారాయణపేట స్కూళ్ళ పిల్లలకు ఆసియా ఫుట్‌బాల్ మీద క్విజ్ పెడుతున్నం. మయన్మార్ మీద ఐదు ప్రశ్నలు రాయాలె. మాండలే క్లబ్బు యదనాబోన్‌ను తీసుకున్న. చిక్కు ఆడ్నే వచ్చింది.

ఒక పట్టికల ఆ క్లబ్బుకు లీగ్ టైటిళ్ళు నాలుగు అని ఉన్నది. సంవత్సరాలు పక్కపక్కన పెట్టి లెక్కబెడితే ఇంకో దాంట్ల మూడే వస్తున్నయ్. పేరు స్పెల్లింగు కూడ రెండు తీర్ల ఉన్నది, రెండు వేరే క్లబ్బులా అని అనుమానం. 2009ల ఆడిన కాన్‌బాజా, డెల్టా, ఒక్కథా అనే జట్లు తర్వాత పట్టికలల్ల కనబడ్తలేవు. మూతపడ్డయా?

పిల్లల పోటీ కాబట్టి ఒక్క ప్రశ్న తప్పు పోయినా టీచర్లు వచ్చి నిలదీస్తరు. జవాబు గట్టిగ నిలబడే ప్రశ్నలు కావాలె. తెలిసినోళ్ళు జర చెప్పుండ్రి.

నల్లగొండ సెంటర్‌హాఫ్:
గోలీ అన్నా, రెండు లెక్కలూ తప్పు కావు. తేడా అంతా 2009 కాడ ఉన్నది.

అంతకుముందు 1996 నుంచి మయన్మార్ ప్రీమియర్ లీగ్ అని ఒకటి నడిచింది. పేరుకు ప్రీమియర్ లీగే గాని, ఆడేటియి ఎక్కువ ప్రభుత్వ శాఖల జట్లు: ఆర్థిక, రెవెన్యూ శాఖ జట్టు, వాణిజ్య శాఖ జట్టు, ఇట్లా. మన దగ్గర ఒకప్పుడు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, ఆర్టీసీ జట్టు అన్నట్టు. ఆటంతా యాంగోన్ (పాత రంగూన్) నగరంలనే. ఆర్థిక, రెవెన్యూ శాఖ జట్టుదే చాలా ఏండ్లు పైచేయి. 2009ల దాన్ని పక్కకు పెట్టి, ఊర్ల పేర్లతోని ప్రొఫెషనల్ క్లబ్బులు పెట్టి మయన్మార్ నేషనల్ లీగ్ మొదలుపెట్టిండ్రు. యదనాబోన్ పుట్టింది అప్పుడే. కాబట్టి 2009కి ముందు ఈ క్లబ్బుకు చరిత్ర వెతకొద్దు, దొరకదు.

ఇగ అసలు సంగతి. పూర్తి స్థాయి లీగ్ 2010ల పెట్టాలని అనుకున్నరు. దానికి ముందు నడక నేర్పినట్టు 2009 మే 16 నుంచి రెండు నెలల్లోపల ఒక టోర్నీ నడిపిండ్రు. ఎనిమిది జట్లు: యదనాబోన్, యాంగోన్ యునైటెడ్, కాన్‌బాజా, మాగ్వే, జేయాష్వేమ్యే, ఒక్కథా యునైటెడ్, డెల్టా యునైటెడ్, సదరన్ మయన్మార్ యునైటెడ్. అది కప్పు, లీగ్ కాదు. యదనాబోన్ గెలిచింది. కొందరు దాన్ని మొదటి సీజన్ అని పట్టికల మొదటి వరుసల పెడ్తరు, కొందరు పెట్టరు. పెడితే నాలుగు: 2009, 2010, 2014, 2016. తీసేస్తే మూడు. అంతే.

మిగతాయి వరుసగ రాసుకో, పనికొస్తయ్. 2011, 2012, 2013 మూడేండ్లు యాంగోన్ యునైటెడ్. 2015, 2018 కూడ వాళ్ళయే. 2017 షాన్ యునైటెడ్, ఆ తర్వాత 2019, 2020 కూడ షాన్. 2021ల లీగ్ జరగనేలేదు. కోవిడ్ ఒకటి, ఫిబ్రవరిల సైన్యం గద్దెనెక్కుడు ఇంకొకటి. 2022, 2023 మళ్ళ షాన్. ‘ప్రతి సంవత్సరం ఒక ఛాంపియన్’ అనుకొని వేళ్ళ మీద లెక్కబెట్టినోళ్ళు 2021 కాడ ఒకటి ఎక్కువ లెక్కబెడ్తరు, చూసుకో.

జట్లు మూతపడ్డయా అంటే, నువ్వు చెప్పిన మూడూ పేరు మార్చుకున్నయ్. కాన్‌బాజా ఇప్పటి షాన్ యునైటెడ్. డెల్టా యునైటెడ్ అయేయావడి యునైటెడ్ అయింది. ఒక్కథా యునైటెడ్ హంథావడి యునైటెడ్ అయింది. యదనాబోన్, యాంగోన్ యునైటెడ్ మాత్రం 2009ల ఆడిన పేరు మార్చలేదు. ‘షాన్ యునైటెడ్ ఏ పాత క్లబ్బు?’ అన్నది మంచి ప్రశ్న, జవాబు ఒక్కటే వస్తది.

యదనాబోన్ మీద ఒక్క ప్రశ్నే పెట్టాలంటే మాత్రం టైటిళ్ళ జోలికి పోకు, 2010 ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) ప్రెసిడెంట్స్ కప్ మీద పెట్టు. ఆసియాల ఫుట్‌బాల్ ఇంకా ఎదుగుతున్న చిన్న దేశాల ఛాంపియన్లకు 2005 నుంచి 2014 దాకా నడిపిన కప్పు అది. 2010 ఫైనల్ల యదనాబోన్ కిర్గిజ్‌స్తాన్ క్లబ్బు దోర్దోయ్‌ని 1-0తోని ఓడగొట్టింది. దోర్దోయ్ అంటే అల్లాటప్పా జట్టు కాదు. 2005 నుంచి 2010 దాకా ఆరు ఫైనల్సూ ఆడింది, 2006, 2007ల కప్పు కొట్టింది. ఏడాది కింద పుట్టిన క్లబ్బు అసొంటి జట్టు మీద గెలుసుడు చిన్న ముచ్చట కాదు. లీగ్ టైటిళ్ళ పట్టికలనే చూసెటోళ్ళకు ఇది కంట్ల పడదు.

వనపర్తి లైన్స్‌మన్:
టైటిళ్ళ సంగతి సెంటర్‌హాఫ్ తేల్చేసిండు కాబట్టి స్పెల్లింగు గురించి చెప్తాను.

ఒకే క్లబ్బు. ఇంగ్లీషులో ఒకచోట ‘నా’ తర్వాత ఆర్ అక్షరం పెడతారు, ఒకచోట పెట్టరు. ఆ ఆర్ పలకడానికి కాదు, ముందున్న ‘ఆ’ని సాగదీయడానికి. బ్రిటిష్ వాళ్ళ అలవాటు అది. అందుకే తెలుగులో ‘యదనార్‌బన్’ అని రాయకండి, లేని రకారం వచ్చి కూర్చుంటుంది. వెతికేటప్పుడు మాత్రం రెండు స్పెల్లింగులతోనూ వెతకాలి.

బర్మా క్లబ్బుల పేర్లు చాలావరకు పాళీ (పాత బౌద్ధ గ్రంథాల భాష) మాటలే, అంటే మనకు తెలిసినవే. పలికే తీరు మారింది. మూడు మార్పులు గుర్తుంచుకుంటే చాలు. రకారం యకారమవుతుంది. రంగూన్ యాంగోన్ అయింది అలాగే. సకారం నాలుక పళ్ళ మధ్యకు వచ్చే ‘థ’ అవుతుంది. అచ్చుల మధ్య తకారం దకారంలా మెత్తబడుతుంది.

ఇప్పుడు చదవండి. రతన అంటే మన రత్నమే. ర యగా, త దగా మారితే యదన. పొన్ అంటే కుప్ప, అది కూడా మెత్తబడి బోన్ అయింది. రత్నాల రాశి. మిండన్ రాజు 1857లో మాండలే నగరం కట్టించినప్పటి రాచపేరు అది. హంసవతి హంథావడి అయింది, బగో నగరం పాత పేరు. ఐరావతి అయేయావడి. కాంభోజ కాన్‌బాజా, షాన్ ప్రాంతానికి గ్రంథాల్లో వాడే పేరు. కాన్‌బాజా షాన్ యునైటెడ్ అయిందంటే గ్రంథాల పేరు తీసి వాడుక పేరు పెట్టుకున్నారన్నమాట. జేయాష్వేమ్యేలో జేయా మన జయమే, ష్వే అంటే బంగారం, మ్యే అంటే నేల.

మాండలేలో రెండు స్టేడియాల పేర్లు వినిపిస్తాయి, కలిపేయకండి. బాథూ స్టేడియం పాతది. 1945 మార్చిలో మాండలేలో జపాన్ సైన్యం మీద తిరగబడిన కర్నల్ బాథూ పేరు పెట్టారు. మండలా థిరి స్టేడియం తర్వాతి కాలంలో కట్టింది. థిరి ఏమిటో పైన చెప్పిన సకారం సూత్రం పెట్టి చూడండి: సిరి, మన శ్రీ. పిల్లలకు ఇది భలే నచ్చుతుంది, నా మాట విని ఒక ప్రశ్న దీనిమీద పెట్టండి.

ఆటగాళ్ళ పేర్లతో ఇంకో తలనొప్పి. బర్మావాళ్ళకు ఇంటిపేరు ఉండదు. ఔంగ్ థూ అంటే మొత్తం ఒకటే పేరు. కొన్ని పట్టికల్లో రెండో మాటను ఇంటిపేరనుకొని ‘థూ, ఔంగ్’ అని తిప్పి రాస్తారు. అది తప్పు. ‘కో’ అనేది మన ‘అన్న’ లాంటి పిలుపు, కానీ క్యా కో కో అనే ఫార్వర్డ్ పేరులో అది పేరులో భాగం, తీసేయకూడదు. ఇంగ్లీషు అక్షరాలు చూసి మనం ‘క్యా’ అని రాస్తాం గానీ వాళ్ళు పలికేది ‘చా’కి దగ్గరగా ఉంటుంది.

పాలమూరు గోలీ:
అబ్బ, స్టేడియం ప్రశ్న ఖాయం. ఇంకొకటి లైన్స్‌మన్ సార్. క్లబ్బుల పాత ఫేస్‌బుక్ పోస్టులు కాపీ కొట్టి అనువాద యాప్‌ల వేస్తే అర్థం పర్థం లేని గీతలొస్తున్నయ్. 2020 తర్వాతయి మంచిగనే వస్తున్నయ్.

వనపర్తి లైన్స్‌మన్:
అది జాగ్యీ ఫాంటు. మన అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలు ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఎలా పిచ్చి అక్షరాలొస్తాయో, ఇదీ దాదాపు అలాంటిదే. ఇంకా మోసం ఏమిటంటే, జాగ్యీ కూడా బర్మా యూనికోడ్ (ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె ఇచ్చే ప్రపంచ ప్రమాణం) అంకెలనే వాడుకుంటుంది గానీ అక్షరాలను వేరే వరుసలో పేరుస్తుంది. చూడ్డానికి బర్మా లిపిలాగే ఉంటుంది, అనువాద యాప్‌కు మాత్రం ఒక్క ముక్క ఎక్కదు. ఆ దేశం 2019 అక్టోబర్ 1న అధికారికంగా యూనికోడ్‌కు మారింది. అందుకే ఆ తర్వాతి పోస్టులు బాగానే ఉన్నాయి.

ముందు జాగ్యీ నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేయండి, ఆ తర్వాత అనువాదంలో వేయండి. అప్పటికే యూనికోడ్‌లో ఉన్నదాన్ని మాత్రం కన్వర్టర్‌లో వేయకండి, బాగున్నది చెడిపోతుంది. మార్చాక స్కోర్లు, తేదీలు మళ్ళీ అసలు పోస్టుతో పోల్చుకోండి. బర్మా సున్నా, ‘వ’ అక్షరం దాదాపు ఒకేలా గుండ్రంగా ఉంటాయి. టైపు చేసినవాళ్ళే ఒకటి బదులు ఇంకొకటి కొట్టేస్తుంటారు.

మునుగోడు డిఫెండర్:
ఒక ప్రశ్న మాత్రం పెట్టకు గోలీ. ‘మాంచెస్టర్ యునైటెడ్‌ను కొందామనుకున్న బర్మా జనరల్ ఎవరు’ అని చాలా క్విజ్‌లల్ల తిరుగుతున్నది. అది అమెరికా రాయబార కార్యాలయం వాళ్ళు 2009ల తమ ప్రభుత్వానికి రాసుకున్న కేబుల్ల, అంటే లోపలి నివేదికల, ఉన్న మాట. రహస్య పత్రాలు బయటపెట్టే వికీలీక్స్ వెబ్‌సైట్ తోని 2010 చివర్ల బయటపడ్డది. దాంట్ల రాసింది ఇది: మనవడు అడిగితే అప్పటి సైనిక పాలకుడు జనరల్ థాన్ ష్వే వంద కోట్ల డాలర్లు పెట్టి ఆ క్లబ్బును కొనే ఆలోచన చేసిండని, అంత పైస ఫుట్‌బాల్‌కు పెడితే బాగుండదని వదిలేసిండని, దాని బదులు దేశంలనే లీగ్ పెట్టుమని వ్యాపారులకు చెప్పిండని. ఎవరో చెప్పంగ విన్న మాటను రాయబారులు రాసుకున్నరు. బేరం జరిగినట్టు ఏడా లేదు. పిల్లల క్విజ్‌ల దాన్ని ‘నిజం’ అని పెట్టుడు సరికాదు.

క్లబ్బులు వ్యాపారుల చేతులకు పోయిన మాట మాత్రం పక్కా. యాంగోన్ యునైటెడ్ వెనుక హ్టూ గ్రూప్ టే జా, డెల్టా వెనుక అప్పటి మయన్మార్ ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడు జా జా, కాన్‌బాజా వెనుక అదే పేరున్న కేబీజెడ్ బ్యాంకు, యదనాబోన్ వెనుక ఆల్పైన్ నీళ్ళ సీసాలమ్మే లోయి హెయిన్ కంపెనీ. ఊరి పేరు ముందు, జేబు వెనుక. అందుకే ఈ క్లబ్బులకు మన కోల్‌కతా క్లబ్బుల లెక్క వందేండ్ల వంశవృక్షం దొరకదు. ఊరోళ్ళు పుట్టించిన క్లబ్బులు కావవి. జనం మెల్లమెల్లగ ఒప్పుకున్నయ్.

దేవరకొండ వింగర్:
మన పిల్లలకు దగ్గరయ్యే ప్రశ్న కావాలంటే భారత్‌తో ముడిపెట్టండి. రెండు మూడు చెప్తా.

2017 మార్చి 28, యాంగోన్ థువున్నా స్టేడియం, ఆసియా కప్ క్వాలిఫయర్. 90వ నిమిషంల సునీల్ ఛెత్రి గోలు, భారత్ 1-0. మయన్మార్ గడ్డ మీద 64 ఏండ్ల తర్వాత మన గెలుపు.

2013 ఏఎఫ్‌సీ కప్ ప్రీక్వార్టర్స్‌ల ఈస్ట్ బెంగాల్ 5-1తోని గెలిచింది యాంగోన్ యునైటెడ్ మీద. యదనాబోన్ మీద కాదు, ఈడ చాలామంది తడబడ్తరు. 2016ల బెంగళూరు ఎఫ్‌సీ ఫైనల్ దాకా పోయిన ఏఎఫ్‌సీ కప్‌ల గ్రూపుల తగిలింది అయేయావడి యునైటెడ్.

పాత కాలంది ఒకటి: 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల సెమీస్‌ల మన జట్టు ఓడింది బర్మా చేతిల్నే. అప్పటి కెప్టెన్ మన హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. మనకు కాంస్యం వచ్చింది, బర్మా దక్షిణ కొరియాతోని స్వర్ణం పంచుకున్నది. 1966ల కూడ స్వర్ణం బర్మాదే. ఆ దేశం ఆసియాల ఎట్ల ఏలిందో ఇప్పటి ర్యాంకు చూసినోళ్ళు నమ్మరు.

ఆటగాడి ప్రశ్న అయితే ఔంగ్ థూ. 2015ల న్యూజిలాండ్‌ల జరిగిన అండర్-20 ప్రపంచ కప్ ఆడిన మయన్మార్ జట్టుల ఉన్నడు. 2016 టైటిల్ కొట్టిన యదనాబోన్‌ల ఫార్వర్డ్. తర్వాత థాయ్‌లాండ్ క్లబ్బు పోలీస్ టేరోకు పోయిండు.

ఇంకో చిన్న సంగతి, స్కోర్లు చూసేటప్పుడు పనికొస్తది. మాండలే మన పాలమూరు తీరే వానచాయ ప్రాంతం. రఖైన్ కొండలు మేఘాలను ఆపేస్తయ్, ఎండ మాత్రం దంచికొడ్తది. యాంగోన్‌ల మాత్రం మే నుంచి అక్టోబర్ దాకా కుండపోత, ఏడాదికి దాదాపు 2,700 మిల్లీమీటర్లు. మాండలేల అందుల మూడో వంతు. ఎండిన గ్రౌండ్ల మీద నేల పాసులు ఆడే జట్టు జూలైల యాంగోన్‌కు పోతే బంతి నీళ్ళ మడుగుల ఆగిపోతది, పాసు సగం దూరం కూడ పోదు. ఇగ పైకెత్తి కొట్టుడే. ఆ నెలల స్కోర్లను చూసి జట్టు పడిపోయిందని రాస్తే తప్పైతది.

పాలమూరు గోలీ:
మస్తు దొరికింది. ఐదు ఖాయం చేసిన: ప్రెసిడెంట్స్ కప్, షాన్ యునైటెడ్ పాత పేరు, థిరి అంటే ఏంది, ఛెత్రి గోలు నిమిషం. ఐదోది ఇట్ల రాసిన, చూడుండ్రి: ‘మయన్మార్ నేషనల్ లీగ్ మొదటి ఛాంపియన్ ఎవరు?’

నల్లగొండ సెంటర్‌హాఫ్:
2009 పట్టుకున్నా 2010 పట్టుకున్నా జవాబు యదనాబోనే, కాబట్టి ఈ ప్రశ్నకు ఢోకా లేదు. కింద వివరణల మాత్రం ‘2009 లీగ్’ అని రాయకు, ‘2009 కప్పు, 2010 లీగ్’ అని రెండూ వేరువేరుగ రాయి. ప్రెసిడెంట్స్ కప్ ప్రశ్నల ‘ఏఎఫ్‌సీ కప్’ అని పడకుండ చూసుకో, అది వేరే టోర్నీ. మయన్మార్ క్లబ్బులు దాంట్లకు 2012ల పోయినయ్.