లెగో సముద్రపు దొంగల సీన్: ఓడ నీళ్లలో ఉన్నట్టు, కొండ నిజం కొండలా రావాలంటే ఎలా కట్టాలి?

కడప_ఇటుకలు:
అందరికీ నమస్తే. మాది కడప. ఈ దసరాకి బొమ్మల కొలువు పక్కనే ఒక బల్ల వేసి లెగో ముక్కలతో సముద్రపు దొంగల సీన్ పెట్టాలని మా పాప పట్టుబట్టింది. ఒక ఓడ, ఒక దీవి, దాని మీద చిన్న కోట, అంతే. ఇంట్లో ఉన్నవన్నీ రకరకాల సెట్లలో మిగిలిన ముక్కలు. గోధుమ రంగు, బూడిద రంగు చాలా ఉన్నాయి, నీలం తక్కువ. ఓడ అడుగుకి వాడే పెద్ద రెడీమేడ్ ముక్కలు అసలే లేవు. నీలం బేస్‌ప్లేట్ (అడుగున పరిచే పెద్ద పలక) మీద ఏది పెట్టినా గచ్చు మీద పెట్టినట్టే ఉంది, కొండ కడితేనేమో మెట్లు కట్టినట్టు వస్తోంది. కొత్త సెట్ కొనం కానీ విడి ముక్కలు కొన్ని కొనగలం. ఇలాంటివి కట్టినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

అనంత_ఓడ:
అన్నా, అడుగు ముక్కలు లేకపోతే ఏం, నీళ్లలో ఉన్న ఓడకి అడుగు ఎవరికి కనిపిస్తుంది? నీటిమట్టం నుంచి పైకి మాత్రమే కట్టండి. రెండు పక్కల గోడలు విడివిడిగా కట్టి, ముక్కు దగ్గర హింజ్ ప్లేట్లతో (కీలులా తిరిగే పలచటి ముక్కలు) లోపలికి తిప్పి కలిపితే ఓడ ఆకారం వచ్చేస్తుంది, కలిసిన చోట సందు ఉంటే స్లోప్ (ఏటవాలు) ముక్కతో మూసేయొచ్చు. సగానికి సగం ముక్కలు మిగులుతాయి, వాటిని దీవికి వాడుకోండి.

అసలు సంగతి నీళ్లు. మొత్తం ఒకే నీలం, చదునుగా ఉంటే ఎంత మంచి ఓడైనా తేలదు. లోతుని రంగుతో చూపించాలి. ఓడ చుట్టూ ముదురు నీలం, దీవి దగ్గరికి వచ్చేకొద్దీ లేత నీలం, ఒడ్డున ఇసుక రంగు ప్లేట్లు వేసి, వాటి పైన ఒంటి గుబ్బ (ముక్క పైన ఉండే బొడిపె) పారదర్శక గుండ్రటి ప్లేట్లు బిగించకుండా వదులుగా పోసేయండి. వెలుతురు పడితే నీళ్లు మెరిసినట్టే ఉంటుంది. నీలం ముక్కలు చాలకపోతే అడుగున రంగు కాగితం వేసినా సరిపోతుంది, పైనుంచి తేడా తెలీదు. ఇందులో ఇంకో లాభం ఏంటంటే ఓడని గుబ్బలకి బిగించక్కర్లేదు కాబట్టి బల్ల అంచుకి సమాంతరంగా కాకుండా ఏ కోణంలో కావాలంటే ఆ కోణంలో తిప్పి, ఒక పక్కకి కొంచెం ఒరిగించి పెట్టొచ్చు. ముక్కు దగ్గర రెండు పక్కలా, వెనకాల ఓడ వచ్చిన దారిలో తెల్ల ముక్కలు చల్లితే నురగ. ఓడ కదులుతోందని చెప్పేది ఆ నురగే, దాన్ని మాత్రం వదలొద్దు.

కర్నూలు_బురుజు:
కడపలో ఉండి కొండకి మోడల్ కావాలంటారేంటండీ, గండికోట ఉంది కదా! పెన్నా లోయ గోడలు ఒకసారి జాగ్రత్తగా చూడండి. ఎర్రరాయి పొరలు పొరలుగా అడ్డంగా ఉంటుంది, మధ్యలో నిలువు పగుళ్లు, అక్కడక్కడా బయటికి పొడుచుకొచ్చిన బండలు. మీకు మెట్లు వస్తున్నది ప్రతి వరసనీ ఒకే కొలతలో వెనక్కి జరుపుతున్నందుకే అయ్యుంటుంది. గోడని దాదాపు నిటారుగా లేపండి, కొన్ని పొరలు కింది పొర కంటే ముందుకి రానివ్వండి. దళసరి బ్రిక్స్ కంటే ప్లేట్లు ఎక్కువ వాడండి. బ్రిక్ ఎత్తు 9.6 మి.మీ., ప్లేట్ 3.2 మి.మీ. కాబట్టి పొరలు సన్నగా, సహజంగా వస్తాయి. గోధుమ రంగు ఎక్కువ ఉందన్నారు, ఇంకేం కావాలి.

నిలువు పగుళ్లకి ముక్కల్ని పక్కకి తిప్పి కట్టాలి, గుబ్బలు పైకి కాకుండా బయటికి చూసేలా. పక్కన గుబ్బ ఉండే హెడ్‌లైట్ బ్రిక్స్ కొన్ని కొనుక్కోండి. ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకుంటే సందులు రావు. గుబ్బకీ గుబ్బకీ దూరం 8 మి.మీ. అంటే రెండు గుబ్బల వెడల్పు 16, అయిదు ప్లేట్ల ఎత్తు కూడా 16. పక్కకి తిప్పిన భాగాన్ని ఈ కొలతలో కడితే మామూలు గోడలో సరిగ్గా కూర్చుంటుంది.

కోటకి గుండ్రటి బురుజు కావాలంటే రెండు గుబ్బల బ్రిక్కు, ఒంటి గుబ్బ గుండ్రటి బ్రిక్కు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి గోడ కట్టండి. గుండ్రటి ముక్క దగ్గర గోడ మలుగుతుంది. పూర్తి వలయానికి చాలా ముక్కలు పడతాయి, కొండకి ఆనించి సగం బురుజు చాలు.

కడప_ఇటుకలు:
గండికోట మాట వినగానే పాప ఎగిరి గంతేసింది, ఎన్నోసార్లు చూసిన చోటే కదా. మీ ఇద్దరికీ చాలా థాంక్స్. తెరచాపలు ఎలా? కాగితంతో చేస్తే పలకలాగా బిగుసుకుని ఉన్నాయి.

సీమ_కుట్టుపని:
తమ్ముడూ, కాగితం వద్దు. పాత పంచె గుడ్డ తీసుకుని కాస్త టీ డికాషన్‌లో ముంచితే ఎండకీ వానకీ మాసిన రంగు వస్తుంది. తర్వాత చిక్కటి గంజిలో తడిపి, బోర్లించిన గిన్నె మీద పరిచి ఆరబెట్టు. మన ఎండకి త్వరగానే బిర్రుగా ఎండి, గాలి నిండిన పొట్టతో అలాగే నిలబడుతుంది. ఆరిన తర్వాతే కత్తిరించు, అప్పుడు అంచులు పోగులు ఊడవు. తాళ్లకి మామూలు కుట్టు దారం చాలు.

ఇంకో మాట. గాలి వెనక నుంచి వస్తేనే చాపల పొట్ట ముందుకి ఉబ్బుతుంది, అప్పుడు జెండా కూడా ముందుకే ఎగరాలి. చాలామంది జెండాని వెనక్కి పెడతారు. ఫిరంగి పొగకి దూది పెట్టినా అదే దిక్కుకి లాగు. అన్నీ ఒకే వైపు ఉంటే గాలి ఉన్నట్టు చూసేవాళ్లకి తెలిసిపోతుంది.

అనంత_ఓడ:
అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. ప్లాస్టిక్ ముక్కలు తప్ప ఇంకేం వాడకూడదని ఎవరైనా అంటే పట్టించుకోకండి, 1989లో లెగో వాళ్లు తెచ్చిన మొదటి పైరేట్ ఓడలకే గుడ్డ తెరచాపలు ఉండేవి. వదులుగా పోసిన ముక్కల్లో దుమ్ము పడుతుంది, పండగయ్యాక గోరువెచ్చని నీళ్లలో కడుక్కోండి. 40 డిగ్రీలు దాటిన నీళ్లు మాత్రం వాడొద్దు. బల్ల చిన్నదైతే వెనక అంచున అరచేతిలో పట్టేంత ఓడ ఇంకొకటి పెట్టండి, దూరంగా ఉన్నట్టు కనిపించి సముద్రం పెద్దదవుతుంది. దానికి ఒంటి గుబ్బ ముక్కలు, రెండు చిన్న స్లోప్‌లు ఉంటే చాలు, అది పాప చేతికే వదిలేయండి.