1833 నాటి అమెరికా ట్యావర్న్ ధరల్లో ఈ ముప్పావు సెంటు ఏంటి? మా జేజినాయన చిట్టా చూస్తూ వచ్చిన అనుమానం

పత్తిబండి (ఆదోని):
అందరికీ నమస్కారం. మా జేజినాయన ఆదోని పత్తి మార్కెట్ దగ్గర పూటకూళ్ళ ఇల్లు నడిపేవారు. బండ్లు రాత్రికి వచ్చి నిలిచేవి. మనుషులకు సంగటి, పప్పు, ఎద్దులకు జొన్న చొప్ప, నీళ్ళు. 1951 నాటి చిట్టా ఒకటి మొన్న అటక మీద దొరికింది. బండివాళ్ళ పేర్లు రాయలేదు. "కౌతాళం బండి, మైల ఎద్దు" అని ఊరు, ఎద్దు రంగు రాసుకున్నారు. డబ్బులు రాయాల్సిన చోట అంకెలు లేవు, నిలువు గీతలు, అడ్డ గీతలు ఉన్నాయి.

అప్పట్నుంచి ఇట్లాంటి లెక్కలు ఎక్కడ కనిపించినా చదువుతున్నా. ఇల్లినాయ్‌లో న్యూ సేలం అనే చిన్న ఊర్లో లింకన్ (తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఆయనే), ఆయన భాగస్వామి బెర్రీల దుకాణం పేరున 1833 మార్చిలో ఇచ్చిన ట్యావర్న్ (భోజనం, పడక, మందు దొరికే పూటకూళ్ళ ఇల్లు లాంటిది) లైసెన్సు చూశాను. ఫీజు 7 డాలర్లు. ధరలు కూడా కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్ళే కట్టేశారు: భోజనం 25 సెంట్లు, రాత్రి పడక 12½, గుర్రానికి రాత్రికి 25, ప్రయాణికుల గుర్రపు బండి అయిన స్టేజ్ కోచ్‌లో వచ్చినవాళ్ళకు భోజనం 37½, అర పైంటు రమ్ము 18¾.

మనిషి పడక కన్నా గుర్రం మేత, చోటు రెట్టింపు! ఆ కాలపు ట్యావర్న్‌లలో ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఇద్దరు ముగ్గురు ఒకే మంచం మీద పడుకునేవారట, అందుకే పడక చవకేమో. నా అనుమానం వేరే. అర సెంటు నాణెం ఉండేది సరే, ముప్పావు సెంటు ఎట్లా ఇచ్చేవాళ్ళు?

చిట్టారాత (ప్రొద్దుటూరు):
అమ్మా, బట్టల కొట్లో ముప్పై ఏళ్ళు లెక్కలు రాసినవాణ్ణి. ఆ పట్టీని సెంట్లలో చదవొద్దు, అణాల్లో చదువు: రూపాయికి పదహారణాలు, డాలరునూ అట్లాగే అనుకో. అప్పుడు అక్కడ ఎక్కువగా తిరిగింది స్పానిష్ వెండి. డాలరులో ఎనిమిదో వంతు నాణేన్ని బిట్ అనేవాళ్ళు. అంటే 12½ సెంట్లు, మన బేడ (రెండణాలు). అందులో సగం 6¼, మన అణా. ఇప్పుడు చూడు: 25 పావలా, 37½ ఆరణాలు, 18¾ మూడణాలు. ముప్పావు సెంటు ఎవరూ ఇవ్వలేదు, మూడు చిన్న వెండి బిళ్ళలు ఇచ్చారు, అంతే. అక్కడ 1857లో విదేశీ నాణేల చెల్లుబాటు రద్దయింది. ఇక్కడ నయాపైసలు (రూపాయికి వంద) 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. మూడణాలకు 19 నయాపైసలని లెక్క కట్టారు. ఆ పావు పైసా తేడాకు మా నాయన అంగట్లో రోజూ వాదులాట.

మీ జేజినాయన గీతలు కూడా అవే. నిలువు గీత పావలా, అడ్డ గీత అణా.

గుత్తికోట (అనంతపురం):
అన్న చెప్పింది నిజం. ఇంకో మాట. అమెరికా సరిహద్దు ఊళ్ళలో నగదు కరువు. 1792లో డాలరు చట్టం వచ్చాక కూడా చాలామంది పౌండ్లు, షిల్లింగుల్లోనే రాసుకున్నారు. ఆ షిల్లింగు విలువ కూడా ఒక్కో చోట ఒక్కోలా ఉండేది: డాలరుకు వర్జీనియాలో 6, న్యూయార్క్‌లో 8. రోజువారీ పద్దులు చిట్టాలో పడేవి, అక్కడి నుంచి మనిషికో పేజీ చొప్పున ఆవర్జాకు, అంటే ఖాతా పుస్తకానికి, ఎక్కేవి. ఎడమవైపు తిన్నది తాగింది, కుడివైపు జమ. ఆ జమ వైపే చదవాలి: జింక తోళ్ళు, మొక్కజొన్న, రెండు రోజుల కూలి. ఊరి బతుకంతా అక్కడే ఉంటుంది. మీ ఇంట్లో ఆవర్జా కూడా ఉందేమో వెతకండి.

పత్తిబండి (ఆదోని):
సార్, నిన్న రాత్రి మా నాయన్ని నిద్రలేపి మరీ అటక దింపించా. ఆవర్జా ఉంది! చెదలు మూల తిన్నాయి కానీ కౌతాళం పేజీ బాగానే ఉంది. నిలువు గీత ఒకటి, అడ్డ గీతలు రెండు. ఆరణాలు! స్టేజ్ కోచ్ భోజనం లెక్కే, చేత్తో తడిమి చూసుకున్నా. జమ వైపు "కట్టెలు 1 బండి", కింద "పైకప్పు పని 2 దినాలు". ఆ పైకప్పు కిందే నేను పుట్టాను. రేపు పేజీలన్నీ ఫోటోలు తీసి పెడతా, మిగతా గీతలు చదివి పెట్టండి సార్.