కారడం కాదు సామీ, ఊరడం

గుంపులోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం. ఈ పోస్టు "ఊరు" అనే క్రియ గురించి. గ్రామం అనే ఊరు కాదు, ఊరగాయలో ఉండే ఊరు. ఆ మాట విలువ నాకు పోయిన నెల ఒక మెకానిక్ షెడ్డులో, బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్నప్పుడు తెలిసింది.

మాది తిరుపతి. మా నాన్న 2003లో కొన్న ఏడు సీట్ల డీజిల్ బండిని ఇప్పటికీ మేమే నడుపుతున్నాం. పీలేరులో పెళ్ళి చూసుకుని వస్తున్నాం. భాకరాపేట ఘాట్ దిగి రంగంపేట దాటాక క్లచ్ పెడల్ కాలి కింద మెత్తబడింది. ఇంకాస్త దూరం పోయేసరికి నేలకు కరుచుకుని పైకి రానంది. పాదం కిందికి దూర్చి పైకి లేపాల్సి వచ్చింది. ఇంజన్ ఆడుతుంటే గేరు పడదు, ఆపితే సులువుగా పడుతుంది. వెనక సీట్లో అమ్మ, పిల్లలు, నాకు ఒకటే టెన్షన్. పెడల్‌ను గబగబా నాలుగుసార్లు తొక్కితే కొంచెం పట్టు దొరికేది. ఆ పట్టు ఉన్నంతలోనే గేరు మార్చుకుంటూ ఇంటికి చేరాం.

మర్నాడు బానెట్ ఎత్తి చూస్తే క్లచ్ ఆయిల్ డబ్బా సగానికి దిగి ఉంది. నింపాను. రాత్రంతా బండి కింద అట్ట పరిచి ఉంచాను. తెల్లారి చూస్తే ఒక్క చుక్క లేదు. అదే ధైర్యంతో షెడ్డుకు పోయి, "లీక్ లేదన్నా, అట్ట పెట్టి చూశాను. క్లచ్ ప్లేట్ పోయినట్టుంది" అన్నాను.

ఆయన గేర్‌బాక్స్ దించలేదు. నన్ను పెడల్ తొక్కమని తాను కిందికి దూరాడు. తర్వాత నన్నూ పిలిచి, తన కుర్రాడిని సీట్లో కూర్చోబెట్టాడు. గేర్‌బాక్స్ పక్కన కింది సిలిండర్ ఉంటుంది. పెడల్ తొక్కితే పైనున్న మాస్టర్ సిలిండర్ ఆయిల్‌ను పైపులో నెడుతుంది, ఆ ఒత్తిడికి కింది సిలిండర్‌లోని కడ్డీ ముందుకు వచ్చి క్లచ్‌ను విడిపించే ఫోర్కును తోస్తుంది. మా బండిలో ఆ కడ్డీ సన్నగా కదిలి ఆగిపోతోంది. కడ్డీ పూర్తిగా బయటికి వచ్చి కూడా గేరు పడకపోతే ప్లేటునో బేరింగునో అనుమానించాలట. కడ్డీయే రాకపోతే జబ్బు ఆయిల్ దారిలో ఉన్నట్టు. దించే పని లేదు.

తర్వాత ఆ సిలిండర్ మూతికి ఉన్న రబ్బరు తొడుగును వేలితో వెనక్కి మడిచాడు. లోపల దుమ్ముతో కలిసి నల్లటి ముద్ద, తాకితే తడి. గుడ్డతో శుభ్రంగా తుడిచి కుర్రాణ్ణి పదిసార్లు తొక్కమన్నాడు. టార్చి వెలుగులో చూస్తుంటే కడ్డీ చుట్టూ సన్నటి మెరుపు వలయంలా తేలింది. చుక్క కట్టలేదు, జారలేదు. ఊరికే మెరిసింది. అప్పుడన్నాడు:

"కారతా లేదు సామీ. ఊరతా ఉండాది. కారేదైతే నీ అట్ట మీద పడుండు. ఊరేది ఆ తొడుగులోనే ఉండిపోతాది."

నేను "లీక్" అన్న మాటతో వెతికాను కాబట్టి చుక్క కోసం వెతికాను. చుక్క లేకపోయేసరికి లీక్ లేదనుకున్నాను. ఆయన దగ్గర రెండు మాటలున్నాయి కాబట్టి రెండు చోట్ల చూశాడు. లోపలి రబ్బరు కప్పు అంచు అరిగితే తొక్కినప్పుడు ఆయిల్ బయటికి ఊరుతుంది, వదిలినప్పుడు గాలి లోపలికి చొరబడుతుంది. ఆయిల్ నలగదు, గాలి నలుగుతుంది. మన తొక్కుడంతా గాలిని నలపడానికే సరిపోయి కడ్డీ దాకా చేరదు.

సిలిండర్ విప్పి లోపల గోరుతో గీశాడు. తుప్పు గుంటల్లో గోరు తట్టుకుంది. "రబ్బర్ల కిట్ ఒకటే వేస్తే రెండు నెల్లకు మళ్ళా వస్తావు" అని సిలిండర్ మొత్తం మార్చి, గాలి తీశాడు. కుర్రాడు తొక్కి పట్టుకోవడం, ఈయన సిలిండర్ మీద గాలి తీసే నిపుల్ వదలడం, బుడగలతో ఆయిల్ చిమ్మడం, నిపుల్ బిగించాకే పెడల్ వదలడం. బుడగలు ఆగేదాకా అదే వరస, మధ్యలో డబ్బా ఖాళీ కాకుండా నింపుకుంటూ.

ఇంటికి వచ్చినా ఆ మాట నన్ను వదల్లేదు. స్వర్ణముఖి ఇసుకలో చెలమ తవ్వితే నీళ్ళు ఊరేవని మా అవ్వ చెప్పేది. బావిలో నీరు ఊరుతుంది. చింతకాయ తలుచుకుంటే నోరు ఊరుతుంది. అన్నిట్లోనూ దారి కనబడదు, తడి మాత్రం పోగవుతుంది. ఇంత సరైన మాట ఉండగా షెడ్డు బయట మనమంతా "లీక్" ఒక్కదానితోనే సరిపెట్టుకుంటున్నాం. మీ వైపు ఈ తేడాను ఎలా చెబుతారు?

— పుత్తూరు నుంచి, విశ్రాంత తెలుగు పండితుడు:
మంచి మాట ఎత్తుకున్నారు నాయనా. పాత రాతలో ఇది ఊఱు, బండి ఱతో. గ్రామానికి మామూలు ర. ఊఱగాయ అని రాసేది అందుకే. రెండు రలూ పలకడంలో కలిసిపోయాక రాతలోనూ కలిసిపోయి, ఇప్పుడు రెండు మాటలూ ఒకేలా కనిపిస్తున్నాయి. ఊట కూడా ఈ ధాతువుదే. శకటరేఫం అనే అక్షరం మీ శకటం కిందే దొరకడం నాకు ఆనందంగా ఉంది.

— చిత్తూరు నుంచి, ఇంట్లో తమిళం మాట్లాడే ఒకరు:
మా ఇంట్లోనూ ఇదే మాట. ఊరగాయ మాకు ఊఱుగాయ్, ఊట మాకు ఊఱ్ఱు. తమిళం రాతలో ఆ రెండో ఱ ఇంకా విడిగానే ఉంది. వేలూరు నుంచి వచ్చి ఇక్కడ షెడ్లు పెట్టుకున్నవాళ్ళకు ఈ మాట కొత్త కాదు.

— తిరుపతి నుంచి:
అన్నా, లీక్ కూడా తెలుగైపోయింది కదా. మా అమ్మమ్మ కూడా కొళాయి లీకవుతోందనే అంటుంది. దాన్ని తోసేయడం ఎందుకు?

— నా జవాబు:
తోసేయమనలేదు తమ్ముడూ. కొళాయికి అది చాలు. కానీ లీక్ అంటే ఎంత, ఎలా అనేది తెలియదు. చెమర్చడం, ఊరడం, కారడం, చిమ్మడం... ఒక్కొక్కటి ఒక్కో ఒత్తిడిని చెబుతుంది. ఇంజన్ కాస్త చెమర్చినా బండి నడుస్తుంది. క్లచ్ సిలిండర్ ఊరితే ఆ రోజే చూడాలి. డాక్టరుకు నొప్పి ఒకటే చెబితే చాలదు కదా, పోటా, సలుపా, మంటా అని అడుగుతాడు.

— చిత్తూరు నుంచి, వర్క్‌షాప్ నడిపే ఒకరు:
మా దగ్గర ఊరడానికి ఇంకో వాడకం ఉంది సార్. క్లచ్ డబ్బాలో డాట్ 3 గానీ డాట్ 4 గానీ, అంటే బ్రేకులకు వాడే ఆయిల్ పొయ్యాల. తెలీక ఇంజన్ ఆయిల్ పోసేస్తారు. లోపలి రబ్బరు కప్పులు అందులో ఊరిపోయి ఉబ్బుతాయి. పెడల్ దిగితే పైకి రాదు. "రబ్బర్లు ఊరినాయి" అంటాం. అప్పుడు పైది, కిందిది, పైపుతో సహా అంతా కడిగి రబ్బర్లన్నీ మార్చాల్సిందే. సరైన ఆయిల్ పోసినా రెండేళ్ళకొకసారి మార్చండి. అది గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. మీ సిలిండర్‌లో తుప్పు అట్లా వచ్చిందే. ఇంకోటి, ఒంటి మీద పడితే కడుక్కోండి, బండి పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది.

— నా జవాబు:
ఇది నాకు తట్టనే లేదు. లోపలినుంచి బయటికి వచ్చేదీ ఊరడమే, బయటిది లోపలికి ఇంకేదీ ఊరడమే. చెలమలో నీరు మొదటిది, ఉప్పులో మామిడిముక్క రెండోది. ఒకే సిలిండర్‌లో రెండు అర్థాలూ ఉన్నాయంటే ఈ చర్చకు నా పోస్టు కన్నా మీ వ్యాఖ్యే పెద్దది.

— మదనపల్లె నుంచి:
నాది కూడా పాత బండే. డబ్బాలో ఆయిల్ తగ్గడం లేదు, తొడుగు మడిచి చూస్తే పొడిగా ఉంది. అయినా సిగ్నల్ దగ్గర పెడల్ తొక్కి పట్టుకుంటే మెల్లమెల్లగా దిగిపోయి బండి ముందుకు కదులుతోంది. ఇది ఏ ఊరడం?

— చిత్తూరు వర్క్‌షాప్ నుంచి:
అది పైది సార్, మాస్టర్. లోపలి కప్పును దాటుకుని ఆయిల్ మళ్ళా డబ్బాలోకే పోతా ఉంటాది, బయటికి రాదు. మేం "లోపల్నే జారతా ఉంది" అంటాం. పెడల్ కడ్డీ దగ్గర మ్యాట్ ఎత్తి చూడండి. అక్కడ తడి ఉంటే బయటికీ ఊరతా ఉన్నట్టు.

— మదనపల్లె నుంచి:
ఇప్పుడే పోయి చూశాను. మ్యాట్ పొడిగా ఉంది. జారడమే.