ఒకే తీరంలో ఒక పెంగ్విన్ తగ్గి, మరొకటి పెరగడం ఎందుకు?

ప్రశ్న (ఉపాధ్యాయుడు, చంద్రగిరి):
దక్షిణ ధ్రువానికి 1911 డిసెంబరు 14న అముండ్‌సెన్, నెల దాటాక స్కాట్ చేరిన సంగతి తొమ్మిదో తరగతిలో చెబుతుండగా ఒక పిల్లవాడు లేచాడు. అంటార్కిటిక్ ద్వీపకల్పపు పడమటి తీరంలో అడెలీ పెంగ్విన్లు తగ్గుతుంటే జెంటూ పెంగ్విన్లు పెరుగుతున్నాయట. వేడి పెరిగితే రెండూ నష్టపోవాలి కదా అని అడిగాడు. రేపు చెబుతానని తప్పించుకున్నాను. తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (తిరుపతి):
మాస్టారికి నమస్కారం. ఇక్కడ చూడవలసింది వేడిని కాదు, ఆ వేడికి ఆ తీరంలో తగ్గుతున్న సముద్రపు మంచును. అడెలీ చలికాలమంతా ఆ మంచు పలకల మీదనే గడుపుతుంది. దాని ముఖ్యాహారమైన క్రిల్, అంటే రొయ్యను పోలిన చిన్న జీవి, పిల్ల దశలో ఆ మంచు అడుగున పట్టిన నాచును గీక్కుని తిని చలికాలం గట్టెక్కుతుంది. జెంటూకు మంచు లేని నీరే అనువు. క్రిల్ చాలకపోతే చేపలతో సరిపెట్టుకుంటుంది. విచిత్రమేమిటంటే, వెచ్చబడిన గాలి తేమను మోసుకొచ్చి హిమపాతాన్ని పెంచుతుంది, అది కరిగిన నీటిలో అడెలీల గులకరాళ్ల గూళ్లు మునిగి గుడ్లు చెడిపోతాయి.

జవాబు 2 (సూళ్లూరుపేట):
మన నేలపట్టులో గూడబాతులు చెరువు నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూళ్లు కడతాయి. పిల్లలు ఎగరకముందే చెరువు ఎండితే ఏమవుతుందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. మరో జాతి అయిన ఎంపరర్ పెంగ్విన్‌కు ఆ చెరువు లాంటిది, తీరాన్ని అంటిపెట్టుకున్న సముద్రపు మంచు. మే, జూన్ నెలల్లో పెట్టిన గుడ్డును మగపక్షి తిండి లేకుండా రెండు నెలలకు పైగా పాదాల మీద పొదుగుతుంది. పిల్లకు నీరంటని ఈకలు వచ్చేసరికి డిసెంబరు అవుతుంది. 2022లో బెలింగ్స్‌హౌసెన్ సముద్ర తీరంలో మంచు అంతకుముందే విరిగిపోయి, ఐదు స్థావరాలలో నాలుగింట పిల్లలు దక్కలేదు.

ఈ పక్షి గుడ్ల కోసమే 1911లో స్కాట్ బృందంలోని విల్సన్, బవర్స్, చెర్రీ-గారార్డ్ చలికాలపు చీకటిలో, సున్నాకు 60 డిగ్రీల దిగువకు పడిపోయే చలిలో, ఐదు వారాలు నడిచి వచ్చారు. పక్షులకూ సరీసృపాలకూ ఉన్న చుట్టరికం పిండంలో కనిపిస్తుందని వారి ఆశ. తీసిన ఐదు గుడ్లలో రెండు చెర్రీ-గారార్డ్ చేతి తొడుగుల్లోనే పగిలాయి.

జవాబు 3 (చిత్తూరు):
ఒక సవరణ. అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రపు మంచు ఏటేటా ఒకే తీరున తగ్గుతూ రాలేదు. ఖండం మొత్తం మీద 2014 దాకా కొద్దిగా పెరిగింది, 2016లో ఒక్కసారిగా పడిపోయింది, 2023లో మునుపెన్నడూ నమోదు కానంత తగ్గింది. ద్వీపకల్పం కథ వేరు, ఖండం మొత్తం కథ వేరు.

అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఈ రోజు పాఠం చెప్పాను. తొడుగుల్లో గుడ్లు పగిలిన దగ్గర తరగతి అంతా అయ్యో అంది. మిగిలిన మూడింటిలో ఆ చుట్టరికం కనబడిందా అని అదే పిల్లవాడు అడిగితే, లేదని చెప్పాను.